ఉతుకుడు డెక్

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను లెక్కలక్క అంటారు. బండి మీద గుట్టగా వచ్చిన దుప్పట్లను ఒక్క చూపు చూసి "నూట నలభై రెండు" అంటుంది. పక్కవాళ్ళు విప్పి లెక్కపెడితే నూట నలభై రెండే ఉంటాయి, మహా అయితే ఒకటి అటూ ఇటూ. ఇరవై ఆరేళ్ళుగా అదే గది. ఒక పక్క గిరగిరా తిరిగే పెద్ద యంత్రాలు, ఇంకో పక్క ఆవిరి కక్కే ఇస్త్రీ రోలరు, మధ్యలో నడుమెత్తు మడతల బల్ల. ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు పోతాయి, వాటిలో ఎన్ని చిరిగి తిరిగొస్తాయి, ఎన్ని అసలు తిరిగే రావు, ఇవన్నీ కాగితం చూడకుండా చెప్పగలదు. కలిసిపోయిన కుప్ప ఎక్కడ కనబడినా విడదీసి పెట్టేదాకా ఆమె చేతులు ఊరుకోవు.

ఆ చేతులు ఊరుకోకపోవడం వల్లే ఇదంతా మొదలైంది.

నలభై తొమ్మిదో ఏట, ఒక సెలవురోజు పొద్దున్నే కూతురి గదిలో అలమారా సర్దుతుంటే అడుగున బూట్ల పెట్టె ఒకటి దొరికింది. నిండా బొమ్మల కార్డులు. కూతురికి పదిహేడేళ్ళప్పుడు అదే లోకం. ప్రతి శనివారం వీధి చివరి కార్డుల కొట్టుకి పోయి సాయంత్రందాకా ఆడేది. తర్వాత ఒకరోజు ఏడ్చి ఉబ్బిన కళ్ళతో ఇంటికొచ్చింది. ఊరి పోటీలో, అందరూ ఛాంపియన్ అని పిలిచే ఒకతన్ని దాదాపు ఓడించేసిందట. ఇంకొక్క వంతులో ఆట అయిపోతుందనగా అతను చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు. "ఈ అమ్మాయి కార్డుల తొడుగులు చూడండి, మూడింటికి మూలలు వంగి ఉన్నాయి, వెనకనుంచే గుర్తుపడుతోంది" అన్నాడు. కార్డులు నలగకుండా వేసే ఆ ప్లాస్టిక్ తొడుగులు ఎవరో వాడి వదిలేస్తే తెచ్చుకున్నవి. రిఫరీ చూశాడు, తల ఊపాడు, ఆట ఓడినట్టు రాసేశాడు. మోసగత్తె అన్న మాట ఆ పిల్లకి అంటుకుపోయింది. మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు.

ఆ రోజు లెక్కలక్క కూతురితో అన్న మాట ఒక్కటే. "పోనీలే, ఆటే కదా."

ఇప్పుడు ఆ పిల్లకి ఇరవై రెండు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తోంది. పెట్టె సంగతి అడిగితే, "పారేయమ్మా, లేదంటే అమ్మేయ్" అని చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయింది.

పారేసేముందు లెక్కలక్క అలవాటుకొద్దీ కార్డులన్నీ నేల మీద పరిచి వేరు చేయడం మొదలెట్టింది. ముందు రంగులవారీగా. తర్వాత మూల మీద ఉన్న అంకెలవారీగా. ఆ అంకె ఏమిటో అర్థం కాక కార్డు మీద రాసింది చదివింది. చదివితే ఇంకో కార్డు మీద రాసింది దీనికి సంబంధించిందని తెలిసింది. మధ్యాహ్నానికి మోకాళ్ళు పట్టేశాయి. నేల మీద పదకొండు వరసలు తేలాయి, పొయ్యి మీద పెట్టింది మాడింది.

ఆ శనివారం పెట్టె పట్టుకుని కొట్టుకి వెళ్ళింది, అమ్ముదామనే. కొట్టాయన భారీ మనిషి, మాట మెత్తన. ఆయన పెట్టె విప్పేలోపే పక్కన బల్ల మీద ఆడుతున్న ఛాంపియన్ లేచి వచ్చి, అడగకుండానే వేళ్ళు పెట్టి కెలికాడు. ముప్పై ఏళ్ళుంటాయి, చొక్కా మీద మూడేళ్ళ గెలుపు బిళ్ళలు మూడు.

"చెత్త ఆంటీ ఇదంతా. ఎవరూ ఆడరు వీటితో."

లెక్కలక్కకి అతనెవరో ఆ బిళ్ళలు చూడగానే తెలిసిపోయింది. తన పెట్టెలో అతని వేళ్ళు చూసి ఒళ్ళు మండింది.

"ఎవరూ ఆడరంటే, ఆడటం రాకా?"

"ఆడితే ఓడిపోతారు కాబట్టి."

"సరే, నేను ఓడి చూస్తాను. ఎక్కడ కూర్చోవాలి?" అని కుర్చీ లాక్కుంది.

ఓడింది. అయిదు నిమిషాల్లో ఓడింది. బల్ల చుట్టూ నవ్వారు. ఆమె పెట్టె మూతపెట్టి చంకన పెట్టుకుని, "వచ్చే శనివారం ఎన్నింటికి తెరుస్తారు?" అని కొట్టాయన్ని అడిగింది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇది. ఇద్దరు కూర్చుంటారు. ఎవరి డెక్ వాళ్ళు ఇంటి దగ్గర కట్టుకుని తెచ్చుకుంటారు, సరిగ్గా అరవై ముక్కలు. ఒకే ముక్క నాలుగుకి మించి పెట్టకూడదు. చెరో ఇరవై ప్రాణాలతో మొదలెడతారు. శక్తి ముక్కలు బల్ల మీద పరుచుకుంటూ, ఆ శక్తితో యోధుల్ని దించి ఎదుటివాడి ప్రాణాలు తీస్తారు. చచ్చిన యోధులు, వాడేసిన ముక్కలు పక్కన కుప్పగా పడతాయి. ఆ ఏడు ఊళ్ళో సగం మంది ఆడేది మంటల డెక్. చవకైన ఎర్ర యోధులు గబగబా దిగి అయిదో వంతుకల్లా ఎదుటివాణ్ణి బూడిద చేస్తారు. ఛాంపియన్‌దీ అదే.

"ఆ డెక్‌లో ముక్కల జాబితా నెట్‌లో ఉంటుందమ్మా. అచ్చంగా అదే కట్టుకోండి, సగం ఆటలు మీవే" అన్నాడు కొట్టాయన.

"ఊరంతా తొడుక్కున్న చొక్కా నేనూ తొడుక్కుంటే నన్నెవరు గుర్తుపడతారు?" అంది.

ఆమె కళ్ళు మొదటినుంచీ ఆ పక్కన పడే కుప్ప మీదే ఉన్నాయి. అందరూ దాన్ని అయిపోయిన వ్యవహారంలా చూస్తారు. ఇరవై ఆరేళ్ళు మురికి గుడ్డల్ని మళ్ళీ పనిలోకి పంపిన మనిషికి అది అయిపోయినట్టు కనిపించలేదు. కూతురి పెట్టెలో మసి కాపలాదారు అనే ముక్కలు నాలుగున్నాయి. చూడటానికి ఎందుకూ పనికిరాని బక్క యోధుడు, ఒక్క శక్తి చాలు దించడానికి, ఒక్క దెబ్బకి చస్తాడు. కానీ కింద సన్న అక్షరాల్లో రాసుంది: పక్క కుప్పలో ఏడు ముక్కలు చేరాక, కాపలాదారులంతా ఆ కుప్పలోంచి లేచి మళ్ళీ బల్ల మీదికి రావచ్చు. ఇంకొకటి వరద. అయిదు శక్తులు ఖర్చు, బల్ల మీదున్న యోధులందర్నీ, నీవాళ్ళనీ నావాళ్ళనీ, ఒక్కసారిగా కుప్పలోకి ఊడ్చేస్తుంది. తనవాళ్ళనీ ఊడ్చేసే ముక్కని ఎవరు పెట్టుకుంటారని అందరూ వదిలేశారు.

"అందరూ పోతారు. నావాళ్ళు లేచొస్తారు. అంతేగా?" అంది లెక్కలక్క.

కొట్టాయన గడ్డం గోక్కుని, "వినడానికి బానే ఉంది" అన్నాడు.

వినడానికి బాగున్నది ఆడటానికి బాగుపడేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ యంత్రాలు ఆపగానే మడతల బల్ల ఒక మూల తుడిచి, ఇస్త్రీ బాబాయిని ఎదురుగా కూర్చోబెట్టేది. ఆయన రోలరు దగ్గర పనిచేస్తాడు, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు, చెవి కాస్త మందం. పాత వార్డు చీటీల వెనక ముక్కల పేర్లు రాసి ఆయనకో మంటల డెక్ తయారుచేసి ఇచ్చింది. బాబాయికి మొదట్లో ఏమీ ఎక్కేది కాదు.

"ఈ ఎర్రోడేం చేస్తాడే?"

"నన్ను కొడతాడు బాబాయ్."

"ఊరికే ఎందుకు కొడతాడు?"

"ఆటలో అంతే."

"సరే, కొట్టేశా. పాపం, నొప్పెట్టిందా?"

నెల తిరిగేసరికి ఆ బాబాయే చీటీ బల్లకేసి టపీమని కొట్టి, "చచ్చావ్, లెయ్" అనడం నేర్చుకున్నాడు.

డెక్ కట్టడమంటే ముక్కలు పెట్టడం కాదు, తీసేయడమని ఆమెకి మెల్లిగా తెలిసొచ్చింది. ఇష్టమైనవన్నీ పెడితే ఎనభై అవుతాయి. అరవైకి దించాలి. ప్రతి ముక్కనీ పట్టుకుని, "నువ్వు లేకపోతే నాకేం ఆగుతుంది?" అని అడిగేది. జవాబు రాకపోతే తీసేసేది. శక్తి ముక్కలు ఎన్నుండాలన్న దాని మీద నెలరోజులు తిప్పలు పడింది. ఇరవై రెండు పెడితే మూడో వంతులో చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఇరవై ఆరు పెడితే చేతినిండా శక్తే తప్ప యోధుడు ఉండేవాడు కాదు. అప్పుడు వంటింటి బల్ల మీద కూర్చుని, కలిపి, ఏడు ముక్కలు పంచుకుని, చూసి గీత గీసి, మళ్ళీ కలిపి, వందసార్లు చేసింది. ఇరవై నాలుగు దగ్గర ఆగింది. వార్డుకి ఎన్ని దుప్పట్లు అదనంగా ఉంచాలో తేల్చేదీ ఇలాగే. ఎక్కువైతే అరలో బూజు పడతాయి, తక్కువైతే రోగి చలికి వణుకుతాడు.

కొట్టులో ఆమె డెక్‌కి ఉతుకుడు డెక్ అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు. ఆమె పెట్టె మీద ఆ పేరే పెద్దక్షరాలతో రాసుకుంది.

ఇంట్లో విషయం ఆడపడుచు చెవిన పడింది. ఒక ఆదివారం ఆవిడ వచ్చి ఇంకా కూర్చోకుండానే మొదలెట్టింది.

"యాభై ఏళ్ళొచ్చి పేకాట మరిగావటగా?"

"ఇంకా రాలేదు వదినా, మూడు నెలలుంది."

"హాస్యమా? నలుగురు మగాళ్ళ మధ్య కూర్చుని ముక్కలు కలుపుతుంటే ఇంటి పరువేం కావాలి? ఒరేయ్ తమ్ముడూ, నువ్వైనా చెప్పవేంరా?"

భర్త పేపరు వెనకనుంచి, "దాని దగ్గర నేను మూడుసార్లు ఓడిపోయానక్కా. ఏ మొహంతో చెప్పను?" అన్నాడు.

వదిన ముక్కున వేలేసుకుంది. లెక్కలక్క మాత్రం ఆవిడ ముందు కూర్చుని, "నాకు ఇదివరకు శనివారమంటే ఇల్లు తుడుచుకునే రోజు. ఇప్పుడు నేను ఆలోచించుకునే రోజు. ఇల్లు ఎటూ తుడుస్తూనే ఉన్నాను కదా వదినా. ఇంకేం తగ్గింది మీకు?" అంది. గొంతు పెంచలేదు. కానీ వదిన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నచ్చనిది కూతురికే. తల్లి ఊరి పోటీకి పేరిచ్చిందని తెలిసిన రోజు కంచం ముందునుంచి లేచింది.

"అక్కడికా? వాడున్న చోటికా? నా తరఫున నువ్వెళ్ళి గొడవ పెట్టుకోవాలా?"

"గొడవకి కాదే, ఆడటానికి."

"అప్పుడు ఆటే కదా అన్నావ్."

లెక్కలక్క తన కంచం పక్కకి జరిపింది. "అన్నాను. తెలియక అన్నాను" అంది. కూతురు తలుపేసుకుంది.

పోటీ ఒక కాలేజీ వ్యాయామశాలలో జరిగింది. నేల మీద బంతాట గీతలు, వాటి మీద పొడుగాటి బల్లలు, అరవై నాలుగు మంది. లెక్కలక్క కొత్త తొడుగులు కొని, ఆ పొద్దున్నే అరవై ముక్కలకీ ఒక్కొక్కటే తొడిగింది. ఆరు రౌండ్లు. ఒక్కో రౌండులో మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్ళది రౌండు. గెలుపుకి మూడు పాయింట్లు, డ్రాకి ఒకటి. ఆరు రౌండ్లయ్యాక పైన నిలిచిన ఎనిమిది మంది తర్వాతి దశకి పోతారు.

మొదటి రౌండు గెలిచింది. రెండోది ఓడింది. మూడు, నాలుగు, అయిదు వరసగా గెలిచింది. మంటల డెక్‌లు ఆమె మీదికి ఎగిరెగిరి దూకడం, కాపలాదారులు అడ్డంపడి చావడం, వరద రావడం, బల్ల ఖాళీ అవడం, ఆ ఖాళీ బల్ల మీదికి కాపలాదారులు తీరిగ్గా లేచి రావడం. నాలుగో రౌండుకి వెనక నిలబడి చూసేవాళ్ళు పోగయ్యారు.

ఆరో రౌండు జతలు గోడకి అంటించారు. ఆమె పేరు ఎదురుగా ఛాంపియన్ పేరు. ఇద్దరికీ నాలుగేసి గెలుపులు.

అతను కూర్చుంటూనే నవ్వుతూ చెయ్యి చాపాడు. "ఆంటీ, డ్రా చేసేసుకుందాం. చెరో పాయింటు వస్తే ఇద్దరం ఎనిమిదిలో ఉంటాం. ఆడితే ఒకళ్ళు ఇంటికి పోవాలి. ఎందుకొచ్చిన బాధ?"

అందులో తప్పేమీ లేదు. నియమాలు ఒప్పుకుంటాయి. ఆ చుట్టుపక్కల బల్లల మీద నలుగురు అప్పటికే అలా చేతులు కలుపుకుని టీకి పోయారు. కొట్టాయన గోడ దగ్గర నిలబడి, ఒప్పుకోమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

లెక్కలక్క ఆ చెయ్యి వైపు చూసింది.

"నేను ఆడటానికొచ్చాను."

"మీకే నష్టం ఆంటీ. ఓడితే పన్నెండు పాయింట్ల దగ్గరే ఆగిపోతారు."

"నువ్వు ఓడినా అంతేగా. కలుపు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నవ్వు మాత్రం ఇంకా మొహం మీదే మిగిలిపోయింది.

మొదటి ఆట నాలుగో వంతులోనే పోయింది. వరద చేతిలోకి వచ్చింది కానీ దాన్ని వాడేందుకు ఒక శక్తి తక్కువైంది. రెండోది ఆమె అనుకున్నట్టే నడిచింది. అతను యోధుల్ని అయిదుగుర్ని దించాడు, వరద అయిదుగుర్నీ ఊడ్చింది, కాపలాదారులు నిదానంగా, ఒక్కో దెబ్బా వేస్తూ ఇరవై ప్రాణాలూ తీశారు. చెరొకటి.

మూడో ఆటకి ముక్కలు కలుపుతుండగా అతను చెయ్యెత్తాడు.

"రిఫరీ! ఈవిడ తొడుగులు ఒకసారి చూడాలి."

లెక్కలక్క చేతులు ఆగిపోయాయి. బల్ల వైపు నడిచొస్తున్నది సన్నపాటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు. కూతురు ఎన్నోసార్లు వర్ణించి చెప్పిన మనిషే. ఆయన వెనక, వ్యాయామశాల తలుపు దగ్గర, పని బట్టల్లోనే నిలబడి ఉన్న కూతురు కూడా అప్పుడే కనబడింది. ఎప్పుడొచ్చిందో ఏమో.

లెక్కలక్క లేచి నిలబడింది. డెక్ బల్ల మధ్యలో పెట్టింది.

"చూడండి. ఒకటీ రెండూ కాదు, అరవై చూడండి. నావి చూశాక ఆయనవీ చూడండి."

"ఆయన మీద ఫిర్యాదు లేదు కదమ్మా..."

"ఉంది. నేనిస్తున్నాను."

రిఫరీ కిటికీ వెలుగులో ఆమె ముక్కలన్నీ తిప్పి చూశాడు. ఏమీ లేదు. తర్వాత ఛాంపియన్‌వి తీసుకున్నాడు. ముప్పై దాటాక ఒకచోట ఆగి, రెండు ముక్కలు పక్కన పెట్టి, బొటనవేలితో మూలలు తడిమాడు.

"ఈ రెండూ కాస్త వంగాయి" అన్నాడు. ఛాంపియన్ మొహంలో రంగు మారింది. రిఫరీ వెంటనే, "మామూలు అరుగుదలే. రోజంతా ఆడితే అరుగుతాయి. తొడుగులు మార్చుకుని ఆడండి" అన్నాడు.

"ఆరేళ్ళ కిందట ఒక పదిహేడేళ్ళ పిల్లకి ఈ మాట ఎందుకు చెప్పలేదండీ మీరు?"

ఆమె గట్టిగా అనలేదు. అయినా పక్క బల్లల మీద ఆట ఆగింది. రిఫరీ ఆ రెండు ముక్కల్నీ బల్ల మీద పెట్టాడు. బుకాయిస్తాడనుకుంది. ఆయన మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "గుర్తుందమ్మా. అప్పుడు నాకు అది రెండో పోటీ. ఎదురుగా ఛాంపియన్ ఉన్నాడని భయపడ్డాను. మార్చుకోమని చెప్పి ఆడించాల్సింది. తప్పు నాది" అన్నాడు.

"నాకు చెప్పి ఏం లాభం? అదిగో, తలుపు దగ్గరుంది."

ఆయన అటు చూశాడు. తర్వాత తనిఖీకి పోయిన ఎనిమిది నిమిషాలూ రౌండు గడువుకి కలిపి, "ఆడండి" అన్నాడు.

మూడో ఆట గురించి ఆ కొట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరో వంతుకి లెక్కలక్కకి మూడు ప్రాణాలు మిగిలాయి. ఎదురుగా ముగ్గురు ఎర్ర యోధులు. ఆమె వైపు ఇద్దరు కాపలాదారులు, అయిదు శక్తి ముక్కలు, చేతిలో ఒకే ఒక్క ముక్క. ఆ ముక్క కూడా ఉత్త శక్తి ముక్క. ఎందుకూ కొరగాదు. అతని చేతిలో ఇంకా ఇద్దరు యోధులున్నారు. వాళ్ళనీ దించి అయిదుగురితో మీద పడితే ఆట అక్కడికి సరి.

లెక్కలక్క ఏమీ ఆడలేదు. ఆ శక్తి ముక్కని కూడా దించలేదు. అయిదు శక్తుల్నీ తాకకుండా వదిలి, చేతిలోని ముక్కని బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి, "నీ వంతు" అంది.

వరదకి అయిదు శక్తులు కావాలి. పైగా అది ఎదుటివాడి వంతులో కూడా వేయదగిన ముక్క. అది ఛాంపియన్‌కీ తెలుసు. అతను ఆ అరచేతిని చూశాడు. ఆమె మొహం చూశాడు. మురికి దుప్పట్లలో సిరంజి సూదులు దాక్కుని వస్తే రెప్పవేయకుండా ఏరే మొహం అది. అందులో ఏమీ దొరకలేదు. ఉన్నవాళ్ళందర్నీ దించితే వరదకి అందరూ పోతారు. అతను వెనక్కి తగ్గాడు. ఇద్దర్నీ చేతిలోనే దాచుకుని, దిగిన ముగ్గురితోనే కొట్టాడు. కాపలాదారులు ఇద్దర్ని ఆపి చచ్చారు. మూడోవాడు దూరి రెండు ప్రాణాలు తీశాడు. ఆమెకి ఒక్కటి మిగిలింది.

ఆమె వంతు వచ్చింది. పై ముక్క తీసింది. వరద.

అదృష్టమే. ఆమె ఎప్పుడూ కాదనలేదు. కానీ ఆ ముక్క వచ్చేదాకా బతికుండటం మాత్రం తన పనే అంటుంది. వరదకి ముగ్గురూ పోయారు. దాంతో ఆమె పక్క కుప్ప ఏడుకి చేరింది. ఆ వంతులోనే నలుగురు కాపలాదారులూ లేచారు. అతను దాచుకున్న ఇద్దరూ ఆలస్యంగా దిగారు, నలుగురి మధ్య నలిగిపోయారు. ఒక్క ప్రాణంతో పదకొండు వంతులు ఆడి గెలిచింది.

ఫలితం చీటీ మీద సంతకం చేస్తూ ఛాంపియన్ అడిగాడు. "ఆ ముందు వంతులో... మీ చేతిలో వరద ఉందా?"

"తెలుసుకోవాలనుంటే ఆ ఇద్దర్నీ దించాల్సింది" అని ముక్కలన్నీ కలిపేసింది.

ఎనిమిదిలోకి వెళ్ళింది. వెళ్ళిన మొదటి రౌండులోనే ఒక భూగోళం మాస్టారి చేతిలో చిత్తుగా ఓడింది. ఆయన డెక్‌లో ఎదుటివాళ్ళ పక్క కుప్పని ఆటలోంచే తీసి అవతల పారేసే ముక్కలు మూడున్నాయి. కుప్ప లేకపోతే ఉతుకుడు డెక్‌లో మిగిలేది బక్క కాపలాదారులు, బోలెడు నీళ్ళు. ఇరవై నిమిషాల్లో రెండాటలూ పోయాయి. మాస్టారు నొచ్చుకుంటూ క్షమాపణ చెప్పబోతే, "మీరెందుకండీ బాధపడతారు? ఈ చిల్లు నాకు ముందే తెలుసు. ఎవరూ చూడరులే అనుకున్నాను" అని నవ్వేసింది.

తిరుగు బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. రిఫరీ వచ్చి తనతో మాట్లాడాడని కూతురు చెప్పింది. ఏమన్నాడో చెప్పలేదు, తల్లీ అడగలేదు. రెండు స్టాపులు దాటాక కూతురే అంది.

"నేను మళ్ళీ ఆడనమ్మా. నువ్వేమీ ఆశ పెట్టుకోకు. నాకిప్పుడు దాని మీద మనసు లేదు."

"ఆడమని నేనన్నానా?"

"నా కోసమే కదా ఇదంతా?"

లెక్కలక్కకి అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది.

"మొదట్లో నీ కోసమే. వాడి మీద కోపం. ఓ ఆరునెలలు అలాగే నడిచింది. తర్వాత ఒకరోజు చూసుకుంటే కోపం గుర్తులేదు, మూడో వంతులో ఏం దించాలన్నదే గుర్తుంది. ఇప్పుడిది నాది. నువ్వడిగినా ఇవ్వను."

కూతురు పకపకా నవ్వింది. అలా నవ్వి చాలా రోజులైంది. తర్వాత కిటికీకి తలానించి నిద్రపోయింది. తల్లి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, మాస్టారి ముక్కలకి విరుగుడుగా ఏ నాలుగు పెట్టాలో, అందుకు ఏ నాలుగు తీయాలో ఆలోచిస్తూ కూర్చుంది.

కథ ఇక్కడితో అయిపోయేదే, స్థానిక పత్రికలో ఫోటో పడకపోయి ఉంటే. "ఆసుపత్రి ఉద్యోగిని కార్డుల పోటీలో సంచలనం" అని రాశారు. మూడో రోజు లాండ్రీ తలుపు మీద సూపరింటెండెంట్ సంతకంతో కాగితం వెలిసింది: ఆసుపత్రి ఆవరణలో పేకాట నిషిద్ధం.

లెక్కలక్క ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, ఆట నియమాల పుస్తకం పట్టుకుని నేరుగా ఆయన గదికి వెళ్ళింది.

"ఇది పేకాట కాదండీ. పందెం లేదు, పైసా లేదు. మా భోజనం వేళలో మా ఆట. మీకు అనుమానముంటే ఒక ఆట కూర్చోండి, నేర్పిస్తాను."

సూపరింటెండెంట్ ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "చూసేవాళ్ళకి పేకాటలాగే కనిపిస్తుందమ్మా. రూలంటే రూలు."

"ఆవరణంటే గేటుదాకానేగా?"

"గేటుదాకానే."

"అయితే మంచిది" అని కాగితం ఆయన బల్ల మీదే పెట్టి వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం యంత్రాలు ఆగగానే ఆమె, ఇస్త్రీ బాబాయి గేటు దాటి పది అడుగులు నడిచారు. అక్కడ బస్సు కోసం వేసిన సిమెంటు బెంచీ ఉంది. దాని మీద ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ముక్కలు పరిచారు. వారం తిరిగేసరికి ఎక్స్‌రే గది అమ్మాయి వచ్చింది. ఆ వెనక ఇద్దరు నర్సులు, ఒక అంబులెన్స్ డ్రైవరు. బాబాయి వాళ్ళకి ఆట నేర్పుతూ, "ఎర్రోడు ఊరికే కొడతాడు, కారణం అడక్కండి" అంటున్నాడు. రోడ్డు మీద గాలికి ముక్కలు ఎగిరిపోతుంటే లెక్కలక్క జేబులోంచి బట్టల క్లిప్పులు గుప్పెడు తీసి తలా ఒకటి పంచింది.

"గట్టిగా పట్టుకోండి" అంది. "ఎవరిది ముందు వంతు?"